ఉప్పుగాలికి నల్లబడిన ఇత్తడిని ఇలా మెరిపించాను

చెల్లి నిశ్చితార్థం పెదవాల్తేరులోని మా డాబా మీదే, పాతకాలం పద్ధతిలో చేద్దామనుకున్నాం. అటక మీంచి అమ్మమ్మ ఇత్తడి బిందెలు, సెమ్మెలు దించగానే గుండె జారిపోయింది. అన్నీ నల్లబడ్డాయి, అంచుల్లో పచ్చగా చిలుము. విశాఖ గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి, ఇత్తడిని ఊరికే వదలవు.

చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి పట్టించాను. పులుపు ఆ మకిలిని కరిగిస్తుంది. కానీ మొదటి బిందెను రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున చూస్తే ఎర్రటి మచ్చలు! ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. పులుపు ఎక్కువసేపు ఉంటే జింకు ముందు కరిగి రాగి రంగు బయటపడుతుంది. మిగతావాటికి 10 నిమిషాలే ఉంచి, కొబ్బరి పీచుతో తోమి, కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచాను. ఈ తుడవడమే అసలు పని. తడిగా వదిలేస్తే మళ్లీ మరకలే. చివర్లో పలచగా కొబ్బరినూనె రాశాను.

ఇంకో టెన్షన్ గాలి. వెనక తెరగా కట్టిన అమ్మ పట్టుచీర ముందురోజు సాయంత్రం తెరచాపలా ఎగిరింది. జరీకి పిన్నులు గుచ్చడానికి మనసొప్పలేదు. కింది అంచును వెదురుకర్రకు చుట్టి, కర్ర రెండు కొసలనూ ఇసుక నింపిన బిందెలకు కట్టేశాను. కదల్లేదు. ఏటికొప్పాక లక్కబొమ్మలను మాత్రం దీపాలకు దూరంగా పెట్టాను, వేడికి లక్క మెత్తబడుతుంది.

మచ్చలు పడ్డ బిందెకు బంతిపూల దండ చుట్టి గుమ్మం దగ్గర ఉంచాం. అమ్మమ్మ దాన్ని తడిమి, "ఇది మా అమ్మ నా పెళ్లికి పెట్టింది తల్లీ" అంది.