విల్లీస్ జీపు కొనే ముందు బంపర్ వెనక ఒకసారి తొంగి చూడండి

ఏడాదికి ఒకరిద్దరైనా ఫొటో పంపి "అన్నా, 1944 విల్లీస్ అంట, తీసుకోవచ్చా?" అని అడుగుతుంటారు. విల్లీస్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన జీపు. ఆలివ్ గ్రీన్ పెయింటు, బానెట్ మీద తెల్ల నక్షత్రం, వెనక జెర్రీ క్యాన్... చూస్తే యుద్ధం నుంచి నేరుగా వచ్చినట్టే ఉంటుంది. బాడీ మాత్రం చాలాసార్లు మొన్న కొట్టిన కొత్త రేకే. హర్యానాలో, పంజాబ్ సరిహద్దు పక్కనే మండి డబ్వాలీ అని ఊరుంది, పాత జీపుల సామాను తెచ్చి జీపులు కట్టడం అక్కడ దశాబ్దాల వ్యాపారం. అలా కట్టిన బండ్లు చెడ్డవని నేననను, బాగా నడిచేవీ ఉన్నాయి. తంటా అంతా కాగితాల దగ్గరే.

ఆర్సీకి బండి అంటే ముందుగా ఛాసిస్ (బండి కింది ఇనుప ఫ్రేమ్) నంబరే. కాబట్టి వైర్ బ్రష్, పెన్సిలు, తెల్లకాగితం పట్టుకుని వెళ్లండి. అసలు విల్లీస్ ఎంబీకి (యుద్ధకాలం మోడల్) ముందు బంపర్ వెనక, ఎడమ ఫ్రేమ్ లోపలివైపు నంబరు ప్లేటు ఉంటుంది, అదే జీపు ఫోర్డ్ చేసిన జీపీడబ్ల్యూ అయితే ఎడమ ఫ్రేమ్ పైభాగాన ఇంజన్ మౌంట్ దగ్గర ఇనుము మీదే నంబరు కొట్టి ఉంటుంది. రేడియేటర్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ కూడా చూడండి, విల్లీస్‌కి గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌కి బోర్లించిన యూ ఆకారం. గ్రిల్‌లో తొమ్మిది గీతలుంటే యుద్ధకాలం నాటిది, ఏడుంటే తర్వాత మామూలు జనం కోసం చేసిన సీజే అంటారు, నిజమే, కానీ గ్రిల్ కొత్తది కొని బిగించడం ఎంతసేపు? ఫ్రేమ్‌నే నమ్మండి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింట్ తీసుకోండి. చుట్టూ గ్రైండర్ గీతలో, వెల్డింగ్ అతుకో కనిపిస్తే బేరం ఆడకుండా టీ తాగి వచ్చేయండి. తిరగకొట్టిన నంబరు మీద కేసయితే బండి మీ దగ్గరుంది కాబట్టి ముందు పిలిచేది మిమ్మల్నే.

తర్వాత ఇంజన్. ఆర్సీలో పెట్రోల్ అని ఉంటుంది, బానెట్ ఎత్తితే డీజిల్ గుడగుడ. మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 182ఏ కింద అలాంటి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. పుస్తకంలా ఉండే పాత ఆర్సీ అయితే ప్రభుత్వ ఆన్‌లైన్ వాహనాల రికార్డయిన వాహన్‌లో కనపడకపోవచ్చు, అప్పుడు అది ఇచ్చిన ఆర్టీఓ ఆఫీసులోనే బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించే పని, చేయించాలి. ఆ పనీ, వేరే రాష్ట్రం బండయితే ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా అమ్మేవాడి చేతే చేయించి, పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాకే మిగతా డబ్బివ్వండి. "తర్వాత పంపిస్తా సార్" అన్నవాళ్లు తర్వాత ఫోనెత్తరు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే 2021 జులైలో వచ్చిన నిబంధనలున్నాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌గానీ బాడీగానీ ఇంజన్‌గానీ పెద్దగా మార్చి ఉండకూడదు. డబ్వాలీ జీపులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20తో పాటు ఇన్సూరెన్సు, పాత ఆర్సీ, దిగుమతి బండయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ కాగితం) ఇవ్వాలి. కొత్తగా అయితే ఫీజు 20,000, తర్వాత రెన్యువల్‌కి 5,000, చెల్లుబాటు పదేళ్లు. కొత్త నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. పాత నంబరు ఉన్నవాళ్లు దాన్నే ఉంచుకోవచ్చు, మూడక్షరాల నంబరు మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకి ఇదొక్కటి చాలు. అయితే ఈ ఆర్సీతో రోజూ ఆఫీసుకి వెళ్లడం కుదరదు, ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు, అంతే. అమ్మితే 90 రోజుల్లోపు రవాణా శాఖకి చెప్పాలి.

ఇక కొత్త ఫ్రేమ్ మీద మొదట్నుంచీ కట్టించుకున్న రెప్లికా సంగతి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని రూల్ 126 ప్రకారం ఏ తయారీదారైనా నమూనా బండిని పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష చేయించాలి, ఒక్క బండి కట్టించుకునే మనలాంటివాళ్లకి అది అయ్యే పని కాదు. తుక్కయిన జీపు కాగితాలు దీనికి తగిలిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అలా చేయడం నేరం. తోటలో, సొంత పొలంలో హాయిగా తిప్పుకోండి. పక్క ఊరికి తీసుకెళ్లాలంటే మాత్రం లారీ ఎక్కించాల్సిందే.