చెరువుల పట్టికలో నోడ్‌ఎఫ్ తక్కువగా వస్తుంటే

శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి చుట్టుపక్కల చెరువులు అడ్డువరుసల్లో, పక్షులు నిలువువరుసల్లో. కనబడితే 1, లేకపోతే 0. తక్కువ రకాలున్న చెరువులోని పక్షులన్నీ ఎక్కువ రకాలున్న చెరువులోనూ ఉన్నాయా అన్నదే ప్రశ్న. వరుసలను రెండేసి జతలుగా పోల్చి, ప్రతి జతకూ 0 నుంచి 100 దాకా మార్కు వేసి, సగటు తీసే కొలతే నోడ్‌ఎఫ్ (NODF). ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో వేగన్ (vegan) ప్యాకేజీతో లెక్కిస్తే, కంటికి మెట్లమెట్లుగా కనిపించే పట్టికకే విలువ బాగా తక్కువగా వచ్చింది.

తప్పు ఎండిపోయిన చెరువులది. మొత్తం సున్నాలున్న వరుస ఏ జతలోనూ మార్కు తేదు, కానీ సగటు తీసేటప్పుడు ఆ జతలూ లెక్కలోకి వస్తాయి. మొత్తం సున్నా అయిన అడ్డు, నిలువు వరుసలు తీసేస్తే విలువ సర్దుకుంది. ఎక్సెల్‌లో ఖాళీగా వదిలిన గడి సున్నా కాదు, అది వేరే తలనొప్పి; ముందే నింపాలి.

ఇంకో మెలిక. ఒక చెరువులో గూడబాతు, నత్తగుల్ల కొంగ, నీటికాకి ఉన్నాయనుకోండి. రెండోదాంట్లో మొదటి రెండే ఉంటే ఆ జతకు 100. గూడబాతుతో పాటు వేరే పక్షి ఉంటే 50. రెండిట్లోనూ అచ్చంగా అవే మూడు ఉంటే? 0! జతలో మొదటిదాని కన్నా రెండోదాంట్లో రకాల సంఖ్య తగ్గాలన్నది 2008లో ఈ కొలత వచ్చినప్పటి నుంచీ ఉన్న షరతు. సమాన సంఖ్యలు ఎక్కువున్న పట్టికకు విలువ అందుకే పడిపోతుంది.

విలువ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. వేగన్‌లోనే ఉన్న ఓకోసిము (oecosimu) ఫంక్షన్‌తో 999 యాదృచ్ఛిక పట్టికలు తీసి పోల్చాలి. ఆ పట్టికలు తీసే పద్ధతిగా, మొత్తం 1ల సంఖ్యను మాత్రమే కాపాడే ఆర్00 (r00) పెడితే దాదాపు ప్రతిదీ గొప్పగా తేలుతుంది, దాన్ని నమ్మను. వరుసల మొత్తాలు రెండువైపులా కాపాడే క్వాసీస్వాప్ (quasiswap) పద్ధతి కఠినం, నాకు అదే నచ్చుతుంది.