హైదరాబాద్‌లో ఉండి సముద్రం చదువు ఎలా చదవాలి?

మనకి బీచ్ చూడాలంటే రాత్రంతా ట్రైన్‌లో పోవాల్సిందే, అయినా సునామీ వస్తే దేశానికి హెచ్చరిక వెళ్ళేది మాత్రం మన ప్రగతినగర్ నుంచే! అక్కడి ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 1999లో పెట్టింది, 2004 సునామీ తర్వాత 2007లో హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే మొదలైంది. కాబట్టి ఇక్కడి పిల్లలకి ఈ చదువెందుకు అనేవాళ్ళ మాట పట్టించుకోకండి.

ముందు మీకు ఏ సైన్స్ ఇష్టమో తేల్చుకోండి, ఇదే అసలు పని. అందరూ మెరైన్ బయాలజీ, అంటే సముద్ర జీవుల చదువు ఒక్కటే అనుకుంటారు, కానీ కాదు. ఇన్‌కాయిస్ వాళ్ళు మత్స్యకారులకి ఇచ్చే చేపల సమాచారమే చూడండి, శాటిలైట్‌తో నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ (నాచులో ఉండే ఆకుపచ్చ పదార్థం) కొలుస్తారు, చల్లనీళ్ళు వేడినీళ్ళు కలిసేచోట నాచు పెరుగుతుంది, దాని వెనకే చేపలు చేరతాయి, ఆ చోటు ముందే తెలిస్తే బోటుకి డీజిల్ మిగులుతుంది. అందులో ఫిజిక్స్ ఉంది, బయాలజీ ఉంది, కోడింగూ ఉంది. ఎంపీసీ వాళ్ళు అలలు, ప్రవాహాల వైపు, బైపీసీ వాళ్ళు ప్లాంక్టన్ (నీటిలో తేలే చిన్నచిన్న జీవులు), చేపల వైపు వెళ్ళొచ్చు.

డిగ్రీలోనే మెరైన్ సైన్స్ దొరకాలని తిరగక్కర్లేదు. మామూలు బీఎస్సీ గట్టిగా చదివి ఎమ్మెస్సీకి వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిలో కుసాట్ యూనివర్సిటీ, తమిళనాడు పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ వాళ్ళ సెంటర్ చూడండి. చేపల పెంపకం ఇష్టమైతే బీఎఫ్ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) ఉంది, నెల్లూరు దగ్గర ముత్తుకూరులో కాలేజీ ఉంది.

చేరేముందు ఒక్కసారి వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారుజామున వెళ్ళిరండి. మా చెల్లెలైతే ప్లాంక్టన్ వలతో తీసిన నీటిబొట్టుని మైక్రోస్కోప్ కింద చూసింది, గాజు పెట్టెల్లా డయాటమ్స్ (ఒకే కణం ఉండే నాచు), ఆ రోజే ఫిక్సయిపోయింది.

ఉద్యోగాలంటే గోవాలో ఎన్ఐఓ (సముద్ర పరిశోధన సంస్థ), దాని వైజాగ్ సెంటర్, చెన్నైలో ఎన్ఐఓటీ (సముద్ర టెక్నాలజీ సంస్థ), కొచ్చిలో సీఎంఎఫ్ఆర్ఐ (సముద్ర చేపల పరిశోధన సంస్థ), ఇంకా రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు, నీటి ల్యాబులు. పర్మనెంట్ పోస్టులు తక్కువే, చాలామంది ప్రాజెక్ట్ కాంట్రాక్ట్‌తో మొదలెడతారు, రీసెర్చ్ అయితే నెట్ లేదా గేట్ పరీక్ష రాసి పీహెచ్‌డీ చెయ్యాలి, ఇంట్లో వాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పేయండి.

ఇంకోటి, ఫిజికల్ ఓషనోగ్రఫీ (అలలు, ప్రవాహాల చదువు) ఎమ్మెస్సీకి మామూలుగా డిగ్రీలో మ్యాథ్స్ అడుగుతారు, బీఎస్సీ కాంబినేషన్ తీసుకునే రోజే ఇది చూసుకోండి, తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.