టీబీ మందులకు తగ్గని దగ్గు: పలకల కార్మికుణ్ణి ఏమడగాలి

మార్కాపురం పలకల పనివాళ్లు దగ్గుతో వస్తే నేను స్టెతస్కోప్ కంటే ముందు పెన్ను తీస్తాను. "ఏం పని?" అంటే "కూలి" అంటారు. అక్కడ ఆగొద్దు. రాయి కోశారా, అరగదీశారా? నీళ్లు పోసి కోసేవారా, పొడిగానా? ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా? మానేసిన పనులూ రాయండి. రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్, పని వదిలిన ఏళ్లకి కూడా బయటపడుతుంది. తోటివాళ్లలో ఇంకెవరికి ఆయాసం ఉందో ఇంట్లో ఆడవాళ్లని అడగండి, వాళ్లకే బాగా తెలుస్తుంది.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగాన సిలికోసిస్ మచ్చలు చూసి టీబీ అనేయడం మామూలే. కఫం పరీక్ష మాత్రం మానొద్దు, రెండూ కలిసి ఉండొచ్చు. సిలికోసిస్ అని తేలితే ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయడం డాక్టరు బాధ్యత. పాత కూలి చీటీలు దాచమనండి, పరిహారం అడిగేటప్పుడు కావాలి.