గులాబీని శాస్త్రీయంగా చిత్రించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

పువ్వును ఉదయపు చల్లదనంలోనే, ఆకులు, ముళ్లు, వీలైతే ఒక మొగ్గతో సహా కోసి, కాడను వెంటనే నీటిలో ఉంచాలి. గది వేడికి రేకులు త్వరగా విచ్చుకుంటాయి కనుక ముందు పువ్వును గీసి, ఆకులను తరువాతకు వదలడం మేలు.

చాలామంది తొందరపడేది రక్షకపత్రాల (పువ్వు అడుగున రేకులను చుట్టి ఉండే ఆకుపచ్చని భాగాల) దగ్గరే. అడవి గులాబీలు అనేకం చూస్తే, ఐదు రక్షకపత్రాలలో రెండింటికి ఇరువైపులా ఈకల్లాంటి అంచులుంటాయి, రెండింటికి అసలు ఉండవు, ఐదవదానికి ఒక పక్కనే ఉంటాయి. కాబట్టి పువ్వును వెనక్కి తిప్పి, భూతద్దంతో చూసి, విడిగా ఒక చిత్తు చిత్రం వేసుకోవాలి. ముళ్లు నిటారుగా ఉన్నాయో, కొక్కెంలా వంగాయో, ఒక్కో ఆకుకు ఎన్ని పత్రకాలు (ఆకులోని చిన్న ఆకులు) ఉన్నాయో కూడా రాసిపెట్టుకోవాలి. 1817-1824 మధ్య పారిస్‌లో ప్రచురితమైన గులాబీ చిత్రాలలో పూల చిత్రకారుడు పియర్ జోసెఫ్ రెడూతే కాడలను, ముళ్లను ఎంత శ్రద్ధగా చూపాడో గమనిస్తే ఈ శ్రమ వృథా అనిపించదు.

కొలతలు డివైడర్‌తో (రెండు మొనలున్న కొలత సాధనంతో) అసలు పరిమాణంలోనే తీసుకోవాలి. కాగితం నునుపైన హాట్ ప్రెస్ రకమైతే సన్నని ఈనెలు చెదరవు. ఎలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు రంగు ఎంత ముచ్చటగా ఉన్నా వెలుతురుకు వెలిసిపోతుంది కనుక, దాని బదులు అంత త్వరగా వెలిసిపోని క్వినాక్రిడోన్ రకం ఎరుపు రంగులను ఎంచుకుని, ముందుగా వేరే ముక్కపై సరిచూసుకోవాలి.