పాత ఫోర్‌బైఫోర్ బండికి చవగ్గా పార్టులు వెతుక్కోవడం ఎలా

పాత ఫోర్‌బైఫోర్ (ఇంజన్ నాలుగు చక్రాల్నీ తిప్పే జీపు లాంటి బండి) నడిపేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట "ఆ పార్టు కంపెనీ ఆపేసిందండీ". అది వినగానే మనం చేసే పని బండి పేరు, మోడలు, సంవత్సరం కొట్టి ఆన్‌లైన్లో వెతకడం, అక్కడ ఎవరో ఒకరు "అరుదైన పార్టు" అని రాసి మూడింతలు రేటు పెట్టుకుని కూర్చుంటారు, ఇంకేం చేస్తాంలే అని కొనేస్తాం. నేనూ కొన్నాను. నాది సుజుకీ ఎస్‌జే413, వెనక ఇరుసు చివర ఆయిల్ కారుతోందని సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) తెప్పిస్తే బండి బొమ్మ వేసిన డబ్బాలో వచ్చింది, విప్పి చూస్తే సీలు మొహం మీద మూడు కొలతలు అచ్చేసున్నాయి. తర్వాతసారి బండి పేరు ఎత్తకుండా ఆ మూడు కొలతలే చెప్పా, బేరింగులూ సీళ్లూ మాత్రమే అమ్మే కొట్లో అదే తయారీదారు సీలు అందులో ఐదో వంతు ధరకి ఇచ్చారు.

కిటుకంతా ఇక్కడే ఉంది. కార్ల కంపెనీలు సీళ్లు, బేరింగులు, బెల్టులు, స్పార్క్ ప్లగ్గులు, షాక్ అబ్జార్బర్లు దాదాపుగా సొంతంగా చెయ్యవు, బయట కొని తమ డబ్బాలో పెట్టి తమ నంబరు వేస్తాయి. టయోటా బండి విప్పితే ఆల్టర్నేటర్ మీద డెన్సో అని, క్లచ్ మీద ఐసిన్ అని, బేరింగ్ మీద కోయో అని, సీలు మీద ఎన్‌ఓకే అని కనిపిస్తుంది. ఆ పేర్లున్న సరుకు కారు కంపెనీ డబ్బా లేకుండా కూడా బయట దొరుకుతుంది.

కాబట్టి ముందు పార్టు విప్పండి, కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడగండి, బ్రష్షుతో రుద్దండి, పక్క నుంచి టార్చి కొట్టి చూడండి. అచ్చు అరిగిపోతే సుద్దముక్కతో రుద్దితే అంకెలు పైకి తేలతాయి. ఏ అంకె కనిపిస్తే అది ఫొటో తీసి పెట్టుకోండి, అది దేనికి సంబంధించిందో తర్వాత తేల్చుకోవచ్చు. ఒక వెర్నియర్ కాలిపర్ (వ్యాసం, మందం కచ్చితంగా కొలిచేది), ఒక థ్రెడ్ గేజ్ (బోల్టు మర చుట్లు కొలిచేది) కొనుక్కోండి, ఒక్క పార్టుతోనే వాటి డబ్బు తిరిగొచ్చేస్తుంది.

బేరింగుల సంగతి చాలా తేలిక, ఎందుకంటే వాటి నంబరే వాటి కొలత. 6205 అని ఉంటే చివరి రెండంకెలు 05ని ఐదుతో గుణిస్తే 25, అంటే షాఫ్ట్ (తిరిగే కడ్డీ) కూర్చునే లోపలి బొక్క 25 ఎంఎం. బయట 52, మందం 15. ఎస్‌కేఎఫ్ చేసినా ఎన్‌ఎస్‌కే చేసినా ఎన్‌టీఎన్ చేసినా 6205 అంటే ఇదే, కారులో ఉన్నా పిండిమరలో ఉన్నా ఇదే. ఈ గుణకారం 04 నుంచే పనిచేస్తుంది, 03 అంటే మాత్రం 17 ఎంఎం. అయితే నంబరు తర్వాత వచ్చే అక్షరాలు వదిలెయ్యకండి, 2ఆర్‌ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు మూత, జెడ్‌జెడ్ అంటే రేకు మూత, సీ3 అంటే లోపల వదులు మామూలు కంటే కాస్త ఎక్కువ. వేడెక్కే చోట కంపెనీ సీ3 వేసుంటే మీరు మామూలుది వేస్తే బిగుసుకుపోయి త్వరగా పోతుంది. ఇంకోటి, బయట డబ్బా మీద నంబరు కాదు చూడాల్సింది, బేరింగ్ మీద లేజరు అచ్చు చూడండి, నకిలీ బేరింగులు బాగా తిరుగుతున్నాయి, మరీ చవగ్గా వస్తోందంటే అనుమానించాల్సిందే.

ఆయిల్ సీలు మీద మూడు కొలతలు ఉంటాయి, షాఫ్ట్ సైజు, బయటి సైజు, మందం, ఆ వరసలోనే. షాఫ్ట్, బయటి కొలత కచ్చితంగా కలవాలి. మందంలో మాత్రం ఒక ఎంఎం తక్కువైనా చాలా చోట్ల నడుస్తుంది, పైగా షాఫ్ట్ మీద పాత సీలు గాడి పడి ఉంటే కొత్త సీలు పెదవి (షాఫ్ట్ని ఆనుకునే అంచు) ఆ గాడికి పక్కన కూర్చునేలా కాస్త ముందుకో వెనక్కో కొట్టొచ్చు, షాఫ్ట్ మార్చే ఖర్చు తప్పుతుంది. నీళ్లలో బురదలో దిగే బండి కాబట్టి ఎస్‌సీ రకం కాకుండా టీసీ రకం అడగండి, టీసీకి దుమ్ము ఆపే రెండో పెదవి ఉంటుంది. వేడి ఎక్కువుండే క్రాంక్ షాఫ్ట్ దగ్గర నైట్రైల్ రబ్బరు కంటే వైటాన్ మంచిది, అక్కడ మాత్రం ఇంకో మెలిక ఉంది, కొన్ని సీళ్ల పెదవి మీద ఏటవాలు గీతలు ఉంటాయి, బాణం గుర్తు ఉంటుంది, అది షాఫ్ట్ తిరిగే దిశకి సరిపోవాలి, తిరగేసింది వేస్తే ఆయిల్‌ని ఆపాల్సింది పోయి బయటికి తోస్తుంది.

కంపెనీ నంబర్లలోనే కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. టయోటాలో 90311తో మొదలైతే ఆయిల్ సీలు, డాష్ తర్వాత మొదటి రెండంకెలు చాలాసార్లు షాఫ్ట్ సైజే, 38 అని ఉంటే 38 ఎంఎం అన్నమాట. సుజుకీలో 09283 సీళ్లకి, 09262 బేరింగులకి. ఇలాంటి నంబరు కనిపించిందంటే అది ఆ బండి కోసం ప్రత్యేకంగా చేసింది కాకపోయే అవకాశమే ఎక్కువ, బయట వెతకొచ్చు. పాత నంబరు కొట్టి చూసి "లేదు" అంటే ఆగిపోకండి, కంపెనీలు నంబర్లు మారుస్తుంటాయి, పాతదాని బదులు వచ్చిన కొత్త నంబరు ఏంటో అడగండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకి శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) చివర కీళ్లలా ఉండే క్రాసులకి రెండు కొలతలు, కప్పు వ్యాసం, ఎదురెదురు కప్పుల మధ్య మొత్తం పొడవు, దాంతో పాటు సర్క్లిప్ (కప్పు ఊడకుండా పట్టే రింగు) లోపల పడుతుందా బయట పడుతుందా అనేది. ల్యాండ్ రోవర్లలో, జీపుల్లో చాలావాటికి పడే 1310 సిరీస్ క్రాసు కప్పు సుమారు 27 ఎంఎం. బెల్టు మీద 6పీకే1750 అని ఉంటే ఆరు గాడులు, 1750 ఎంఎం పొడవు, అంతే, బండి పేరుతో పనిలేదు. క్లచ్ ప్లేటుకి బయటి వ్యాసం, మధ్యలో పళ్ల సంఖ్య, పళ్ల దగ్గర వ్యాసం. షాక్ అబ్జార్బర్‌కి పూర్తిగా సాగినప్పటి పొడవు, పూర్తిగా ముడిచినప్పటి పొడవు, చివర కన్నం ఉందా పిన్ను ఉందా అనేది. ముడిచిన పొడవు మనకి కావాల్సిన దానికంటే ఎక్కువైతే గుంతలో దిగినప్పుడు షాక్ అబ్జార్బరే బండి బరువంతా మోస్తుంది, రెండు దెబ్బలకి పగిలిపోతుంది. రేడియేటర్ గొట్టాలైతే ఇంకా సుఖం, లోపలి వ్యాసం, వంపు ఒకటే అయితే ఏదో వేరే కారుది పొడుగ్గా ఉన్నది తెచ్చి కోసుకోవచ్చు.

ప్లగ్గుల్లో బ్రాండు మారితే అంకె అర్థం తిరగబడుతుంది. ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్‌కి బదులు డెన్సోలో డబ్ల్యూ20ఈపీఆర్-యూ, బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ వేస్తారు. ఎన్‌జీకేలో, డెన్సోలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో అంకె పెరిగితే వేడిది. ఇది తెలీక "ఒక అంకె అటూ ఇటూ" అని వేసేస్తే పిస్టన్‌కే ముప్పు. అలాగే యూనివర్సల్ (ఏ బండికైనా కలుపుకునే) ఆక్సిజన్ సెన్సర్, అంటే పొగలో ఆక్సిజన్ కొలిచేది, కొని వైర్లు కలుపుకుంటే మంచి ఆదానే కానీ రంగుకి రంగు కలపొద్దు, బాష్ నాలుగు వైర్ల సెన్సర్‌లో నలుపు సిగ్నల్, రెండు తెలుపులు హీటరు, బూడిద రంగు సిగ్నల్ గ్రౌండు. డెన్సోలో నలుపు రెండూ హీటరు, నీలం సిగ్నల్, తెలుపు గ్రౌండు. నలుపుకి నలుపు కలిపారంటే హీటరు కరెంటు పోయి సిగ్నల్ వైరులో పడుతుంది.

నేను దెబ్బ తిన్నది ఆయిల్ ఫిల్టర్ దగ్గర. స్నేహితుడి బండి, ఇంజన్ మీద మర మూడు బై నాలుగు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. నేను తెచ్చిన ఫిల్టర్ ఎం20 (అంటే 20 ఎంఎం మర), 1.5 పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.5 ఎంఎం). ఒకటి 19 ఎంఎం పైచిలుకు, ఇంకోటి 20, చేత్తో తిప్పితే చక్కగా ఎక్కింది, బిగిసినట్టే అనిపించింది, ఇంజన్ కాస్త రేజ్ చెయ్యగానే ప్రెషర్‌కి ఊడి ఆయిలంతా నేల మీద. "పట్టింది కదా" అనేది కొలత కాదని అప్పుడు తెలిసింది. బోల్టుల్లో కూడా ఇదే గొడవ, జపాన్ బళ్లలో ఎం10 చాలాచోట్ల 1.25 పిచ్, మామూలు బోల్టుల కొట్లో అడక్కుండా ఇచ్చే ఎం10 మాత్రం 1.5.

ఇక బండికే సొంతమైన పార్టులు, గేర్లు, ఇరుసు లోపలివి, బాడీ రేకులు, ఇవి కొలతతో దొరకవు, ఇక్కడ బండి చుట్టాల్ని, అంటే అదే బండి వేరే పేర్లతో వచ్చినవాటిని, వెతకాలి. నా ఎస్‌జే413 చుట్టాలు సమురాయ్, హోల్డెన్ డ్రోవర్, మారుతీ జిప్సీ, మిగతా చోట్ల ఎప్పుడో ఆగిపోయినా జిప్సీ 2018 దాకా తయారైంది కాబట్టి దాని పేరుతో వెతికితే ఇప్పటికీ చాలా దొరుకుతాయి. మిత్సుబిషి పజేరో, మోంటెరో, షోగన్ ఒకటే, హ్యుందాయ్ గాలపర్ అనేది మొదటి తరం పజేరోనే లైసెన్సు మీద చేసింది. ఇసుజు ట్రూపర్, ఓపెల్ మోంటెరే అన్నదమ్ములు. ఇంజన్ చుట్టాలు ఇంకా దూరం పోతారు, మిత్సుబిషి 4డీ56నే హ్యుందాయ్ డీ4బీఎఫ్ పేరుతో వ్యాన్లలో వేసింది, శాంగ్‌యాంగ్ ముస్సో, రెండో తరం కొరాండో డీజిళ్లలో ఉన్నవి మెర్సిడెస్ ఇంజన్లు. అందుకే ఇంజన్ పార్టులు ఇంజన్ కోడ్‌తో అడగండి, బండి పేరుతో అడిగితే "లేవు" అన్నవాళ్లే కోడ్ చెప్తే లోపల్నుంచి తెచ్చిస్తారు. ఒక్క జాగ్రత్త, ఫోర్డ్ మావెరిక్ అంటే ఆస్ట్రేలియాలో నిస్సాన్ పాట్రోల్, యూరప్‌లో నిస్సాన్ టెరానో 2, పేరు ఒకటే బళ్లు వేరు. ఇంకా ఒకే మోడల్లో మధ్యలో ఇరుసు మార్చేసిన సందర్భాలు ఉంటాయి, అందుకే ఛాసిస్ నంబరు ఫొటో ఫోన్‌లో ఎప్పుడూ ఉండాలి.

తుక్కు యార్డులో కొనేవి, కొనకూడనివి అని నాకో లెక్కుంది. గేర్‌బాక్సు డబ్బాలు, బ్రాకెట్లు, ఇరుసు గొట్టాలు, తలుపులు, అద్దాలు, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో చక్రాలకి శక్తి పంచే గేర్ల గుంపు) అయితే పళ్లు చూసి, అన్నీ తెచ్చుకుంటా. అయితే డిఫరెన్షియల్ నిష్పత్తి ముందూ వెనకా ఒకటే ఉండాలి, తేడా ఉన్నది వేసి ఫోర్‌వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక ఇరుసులకి శక్తి పంచే గేర్ల పెట్టె) నలిగిపోతుంది, పెద్ద పళ్లచక్రం పళ్లు లెక్కపెట్టి చిన్నదాని పళ్లతో భాగిస్తే నిష్పత్తి వచ్చేస్తుంది. రబ్బరు వస్తువులు, బ్రేకు గొట్టాలు, టైమింగ్ బెల్టు, బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు పాతవి అస్సలు వద్దు, కొత్తవైనా పేరు లేనివి వద్దు. బ్రేకుల్లో ఆదా చెయ్యాలంటే కారు కంపెనీ డబ్బా మానేసి బ్రేకులు తయారుచేసేవాళ్ల డబ్బా కొనండి, అంతకంటే కిందికి దిగొద్దు. వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని తోసేది) మీద బోర్ సైజు, అంటే లోపలి వ్యాసం, పోతపోసి ఉంటుంది, బయటికి అచ్చం ఒకేలా ఉండి బోర్ తేడా అయితే బిగుస్తుంది కానీ బ్రేకు ఒక పక్కకి లాగుతుంది.

ఆర్డర్ పెట్టేముందు కాలిపర్ పెట్టి తీసిన ఫొటో అమ్మేవాళ్లకి పంపి, వాళ్ల దగ్గరున్నది కూడా కాలిపర్‌తో కొలిచి ఫొటో పెట్టమనండి, పెట్టనంటే ఇంకో చోట చూసుకోండి. వాపసు తీసుకుంటారో లేదో రాతపూర్వకంగా అడగండి. వచ్చాక పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కొలవకుండా బిగించొద్దు, గ్రీజు పూసినవి ఎవరూ వాపసు తీసుకోరు. బిగించాక పాత పార్టు పారెయ్యకుండా ఒక వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా అట్టపెట్టెలో ఉంచండి, ఏ కొలతది, ఏ నంబరుది, ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేశారో ఆ పెట్టె మీదే మార్కర్‌తో రాసేయండి, నా ఎస్‌జేకి ఇప్పుడు అలాంటి పెట్టెలు పదకొండున్నాయి, ఇంట్లోవాళ్ల తిట్లు వేరే సంగతి.