రీఫ్ ట్యాంకు నేర్చుకుందాం – 4: పీహెచ్ ఎందుకు పెరగట్లేదు?

పోయిన పాఠం చదివి, రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు) పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల-క్షార స్థాయి, పెంచబోయి చాలామంది ఒకే చోట దెబ్బతిన్నారు. మీటరు 7.8 చూపించింది, బేకింగ్ సోడా కలిపారు, కదల్లేదు, మళ్ళీ కలిపారు. నాలుగు రోజుల్లో ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ళ శక్తి, డీకేహెచ్‌లలో కొలుస్తాం) 8 నుంచి 13 డీకేహెచ్‌కి ఎక్కి కూర్చుంది, ఆక్రోపోరా పగడాల కొమ్మల చివర్లు తెల్లగా మాడిపోయాయి, పీహెచ్ మాత్రం అక్కడే. కాబట్టి ద్రావణాల్ని కొలతప్రకారం వేసే డోసింగ్ పంపుల సంగతి వచ్చేసారికి. మీటరును పీహెచ్ 7, 10 ద్రావణాలతో సరిచూసే ఉంటారు, అదీ వదిలేస్తున్నా.

పీహెచ్ తగ్గితే నీళ్ళలో ఏదో తక్కువైందనుకుంటాం. చాలాసార్లు ఎక్కువైంది ఉంటుంది, అది కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం; తలుపులు బిగించి నలుగురు పడుకునే గదిలో సులువుగా 1000 దాటుతుంది. స్కిమ్మర్ (బుడగలతో నీళ్ళలోని మురికి తీసే పరికరం) ఆ గాలినే పీల్చి నీళ్ళలోకి కొడుతుంది. బేకింగ్ సోడా ఆల్కలినిటీని పెంచుతుందే గానీ ఆ గ్యాస్‌ని బయటికి పంపదు, పైగా వేసిన వెంటనే పీహెచ్‌ని కాస్త దించుతుంది కూడా. దయచేసి ఇంకో చెంచా వేయకండి.

ముందు ఇది చేయండి. ఒక గ్లాసు ట్యాంకు నీళ్ళు తీసుకుని పీహెచ్ రాసుకోండి. ఆరుబయట ఎయిర్ పంపుతో గంటసేపు బుడగలు కొట్టించి మళ్ళీ చూడండి. 7.8 కాస్తా 8.1 అయిందంటే తప్పు గదిలో గాలిది. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి లాగండి, నేనైతే ఎప్పుడూ దీంతోనే మొదలుపెడతాను. కుదరకపోతే ఆ గొట్టానికి సోడా లైమ్ (కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే గుళికలు) డబ్బా తగిలించండి.

బుడగలు కొట్టించినా కదలకపోతే ఆల్కలినిటీ చూడండి. అది 7 డీకేహెచ్ కన్నా తక్కువుంటే బేకింగ్ సోడా కాదు, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వాడండి. 100 లీటర్లకు 1.9 గ్రాములు వేస్తే సుమారు 1 డీకేహెచ్ పెరుగుతుంది, రోజుకి అంతకు మించొద్దు. మంచినీళ్ళలో కరిగించి, ప్రవాహం బాగా ఉన్నచోట చుక్కచుక్కగా వదలాలి. పడినచోట తెల్లటి పొగలా లేస్తే మీరు తొందరపడుతున్నట్టే.

తెల్లవారుజామున 7.9, సాయంత్రం 8.2 ఉంటే టెన్షన్ వద్దు, లైట్లు ఆరాక కిరణజన్య సంయోగక్రియ ఆగి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, అంతే.

అభ్యాసం: ఏడు రోజులు, రోజూ వేసే డోసు తప్ప ఇంకేమీ కలపకుండా, లైట్లు వెలగకముందు ఒకసారి, ఆరేముందు ఒకసారి పీహెచ్ రాయండి. మొదటి మూడు రోజులు కిటికీ మూసి, మిగతా నాలుగు రోజులు తెరిచి. ఆల్కలినిటీ రోజూ ఒకే వేళకి చూడండి. పంపుల లెక్క ఈ అంకెలతోనే మొదలుపెడతాం, ఒక్కటి కూడా వదిలేయకండి.